డొమైన్ పేర్ల వ్యాపారం: మొదటి పేరు ఎంపిక నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

భీమవరం పక్కన చెరువు లీజుకి తీసుకున్నవాళ్ళకీ, అంబాజీపేట దగ్గర కొబ్బరితోట కౌలుకి చేసేవాళ్ళకీ ఒక సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కాపు వచ్చినా రాకపోయినా మక్తా కట్టి తీరాలి. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా, కూడా అలాంటిదే. వాడుకలో "పేరు కొన్నాం" అంటాం గానీ, అది ఏడాదికింత అని కట్టుకుంటూ పోయే కౌలు. కట్టడం ఆపితే పేరు చేజారుతుంది. పేర్లు కొని ఎక్కువకి అమ్మే ఈ వ్యాపారంలో నష్టపోయినవాళ్ళు ఎక్కువగా నష్టపోయింది ఏదో ఒక చెత్త పేరు కొన్నందుకు కాదు. ఉత్సాహంలో 50, 100 పేర్లు కొనేసి, రెండో ఏడాది రెన్యువల్ బిల్లు చూసి కుదేలయ్యారు. అందుకని కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ ప్రశ్న వేసుకుంటూ ఉండండి: వచ్చే ఏడాది మక్తాకి ఈ పేరు తగునా?

ముందు లెక్క

డాట్ కామ్ పేర్లన్నిటి ఖాతాపుస్తకం వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది. డాట్ ఇన్ పేర్లది నిక్సీ దగ్గర. ఇవి రిజిస్ట్రీలు. మనకి పేరు అమ్మే కంపెనీలు రిజిస్ట్రార్లు. డాట్ కామ్ లాంటి వాటికి నిబంధనలు పెట్టేది 1998లో ఏర్పడిన ఐకాన్. ఒక డాట్ కామ్ పేరు మీద ఏడాదికి రిజిస్ట్రార్ వెరిసైన్‌కి చెల్లించే ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకి పెరిగింది. దానిమీద రిజిస్ట్రార్ లాభం, 18 శాతం జీఎస్టీ కలిసి మన చేతికొచ్చేసరికి రెన్యువల్ సుమారు రూ. 1,100 నుంచి 1,500 దాకా పడుతుంది. మొదటి ఏడాది ఆఫర్‌లో తక్కువకి రావచ్చు. ఆ ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధరే చూడండి. డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్లు మొదటి ఏడాది ఒకటి రెండు వందలకి ఇచ్చి, రెండో ఏడాది వేలల్లో అడుగుతాయి. డాట్ ఏఐ పేరుకి కనీసం రెండేళ్ళ సొమ్ము ఒకేసారి కట్టాలి.

వంద పేర్లు పెట్టుకుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడవుతాయని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు మామూలుగా వేసుకునే లెక్క. పేరుకి రూ. 1,200 చొప్పున వంద పేర్ల రెన్యువల్ రూ. 1,20,000. ఒక పేరు రూ. 90,000కి అమ్ముడై, పేర్లు అమ్మిపెట్టే సైటు, అంటే మార్కెట్‌ప్లేస్, 15 శాతం కమీషన్ తీసుకుంటే చేతికి వచ్చేది రూ. 76,500. అలా రెండు అమ్మితే రూ. 33,000 మిగులుతుంది. ఒక్కటే అమ్మితే రూ. 43,500 చేతినుంచి పడుతుంది. పేర్లు మొదట సంపాదించడానికి పెట్టిన సొమ్ము ఇందులో కలపలేదు.

కాబట్టి మొదటి ఏడాది 10 పేర్లు చాలు. రూ. 30,000 ఉందనుకుంటే, రిజిస్ట్రేషన్లకి 10,000, వేలంలో ఒక మెరుగైన పేరు కోసం 8,000, వచ్చే ఏడాది రెన్యువల్స్ కోసం 12,000 విడిగా తీసి పెట్టండి. ఆ చివరి 12,000 ముట్టుకోకూడదు. 10 పేర్లతో ఏడాదిలో ఒక్క అమ్మకం జరిగే అవకాశం పై లెక్క ప్రకారం పదింట ఒకటి నుంచి ఐదింట ఒకటి మాత్రమే. ఇల్లు గడవడానికి దీన్ని నమ్ముకోకూడదు, అప్పు తెచ్చి అసలే చేయకూడదు.

మొదటి నెల ఒక్క పేరూ కొనకండి

ఈ నెల రోజులూ చూడటమే పని. నేమ్‌బయో అనే సైటులో ఏ పేరు ఏ తేదీన, ఏ మార్కెట్‌ప్లేస్‌లో, ఎంతకి అమ్ముడైందో ఉంటుంది. రోజుకి 20 పేర్లు చొప్పున చదవండి. ధర చేత్తో మూసి, మీరు ఊహించిన ధర ఒక నోట్‌బుక్కులో రాసి, తర్వాత చెయ్యి తీయండి. మొదటి వారం ఊహలన్నీ తారుమారవుతాయి. మూడో వారానికి కొన్ని తీరులు కళ్ళకి కడతాయి. రెండు మాటల పేర్లలో ఏ మాట ముందు రావాలి, ఏకవచనానికి ఎంత, బహువచనానికి ఎంత, అదే పేరు డాట్ కామ్‌లో ఎంత, డాట్ ఇన్‌లో ఎంత అన్నవి తెలిసొస్తాయి.

చదివేటప్పుడు అమ్ముడైన చోటు కూడా గమనించండి. వేలంలో వచ్చిన ధర సాధారణంగా వ్యాపారి వ్యాపారికి ఇచ్చే ధర. సెడో, ఆఫ్టర్నిక్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లలో వచ్చిన ధర చాలాసార్లు వాడుకునేవాడు ఇచ్చిన ధర. రొయ్యకి చెరువు గట్టు మీద పలికే రేటుకీ, హైదరాబాద్ హోటల్ పళ్ళెంలో దాని ఖరీదుకీ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉంటుంది. మీరు గట్టు ధరకి కొని పళ్ళెం ధరకి అమ్మాలి. పళ్ళెం ధరకి కొన్నారంటే అక్కడితో అయిపోయినట్టే.

2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకి అమ్ముడైంది. అలాంటి వార్తలు మన లెక్కలోకి రావు. అవి నిఘంటువులో ఉండే ఒంటి మాటలు, 1990లలోనే ఎవరో తీసేసుకున్నవి. ఆటోమేటిక్‌గా విలువ కట్టే సాధనాల్నీ నమ్మకండి. "మీ పేరు విలువ 1,800 డాలర్లు" అని తెరమీద వస్తుంది, ఆ ధరకి కొనేవాడు మాత్రం ఎక్కడా ఉండడు.

పేరు ఎంపిక

మొత్తం పనిలో బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. రెండు దారులున్నాయి. ఒకటి, ప్రపంచమంతా వాడే ఇంగ్లీషు మాటలతో డాట్ కామ్ పేర్లు. కొనేవాళ్ళు ఎక్కువ, పోటీ కూడా విపరీతం. రెండోది, మీకు లోపలినుంచి తెలిసిన సరుకు, మీకు తెలిసిన ఊళ్ళు. అమెరికాలో కూర్చున్న వ్యాపారికి వనామీ రొయ్య అంటే ఏమిటో, కౌంట్ అంటే ఏమిటో, కొబ్బరి దింపు ఎన్నాళ్ళకోసారో తెలియదు. మీకు తెలుసు. పది పేర్లలో ఆరేడు మొదటి రకం, మూడు నాలుగు రెండో రకం ఉంచుకోవడం మంచిది. స్థానిక మార్కెట్ పల్చగా ఉంటుంది, దానిమీదే ఆధారపడితే చాలాకాలం ఖాళీగా కూర్చోవాలి.

రెండో రకానికి ముందుగా కొనేవాళ్ళెవరో చూసుకోవాలి. వెబ్‌సైటే లేకుండా వాట్సాప్ మీద వ్యాపారం బ్రహ్మాండంగా నడుపుకుంటున్న కొట్టువాళ్ళు మీ ఖాతాదారులు కారు. వాళ్ళకి డొమైన్ అవసరమే తట్టదు, మీరు పాఠం చెప్పి అమ్మలేరు. ఇప్పటికే సైటు ఉండి, దాని పేరు పొడుగ్గానో, గీతలతోనో, పలకడానికి ఇబ్బందిగానో ఉన్నవాళ్ళు మీకు కావాలి. విదేశీ కొనుగోలుదార్లతో మెయిళ్ళు నడిపే రొయ్యల ఎగుమతిదార్లు, ఇతర రాష్ట్రాలకి లోడు పంపే కడియం నర్సరీలు, కొబ్బరిపీచు సరుకు అమ్మేవాళ్ళు, హైదరాబాద్‌కీ అమెరికాకీ కొరియర్ చేసే మిఠాయి తయారీదార్లు ఇలాంటివాళ్ళే. గూగుల్ మ్యాప్స్ తెరిచి సరుకు పేరు, ఊరు పేరు కొట్టి చూడండి. మీరు అనుకున్న పేరుకి సరిపోయే వ్యాపారాలు, సైటు ఉన్నవి, కనీసం పది కాగితం మీద రాయగలగాలి. ఏడు దగ్గరే ఆగిపోతే ఆ పేరు వదిలేయండి.

తర్వాత స్పెల్లింగ్. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు వచ్చే చిక్కు ఇది. పూతరేకులు తీసుకోండి. 'పూ'కి కొందరు పి యు రాస్తారు, కొందరు పి డబుల్ ఓ. 'త'కి కొందరు ఒంటి టి, కొందరు టి హెచ్. ఈ రెండు చోట్లే నాలుగు స్పెల్లింగులు తేలాయి. మీ దగ్గర ఒకటుంటే మిగతా మూడు ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. పేరు విన్న మనిషి ఏది కొడతాడో మీ చేతిలో లేదు. రొయ్యలులో వై ఒకటా రెండా అన్న పేచీ ఉంది. కొబ్బరికి అంత గొడవ లేదు, దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. ఊరి పేర్లు ఇంకా నయం. రైల్వే స్టేషన్ బోర్డు మీద, పోస్టాఫీసు ముద్రలో స్పెల్లింగు స్థిరపడిపోయి ఉంటుంది. భీమవరం, తణుకు, గోదావరి అనే మాటలకి తడబాటు తక్కువ. రాజమండ్రికి మాత్రం జాగ్రత్త. 2015లో రాజమహేంద్రవరం అయ్యాక పాతా కొత్తా రెండూ వాడుకలో ఉన్నాయి.

దీనికి చేతిలో పని అయ్యే పరీక్ష ఒకటుంది. రావులపాలెం బస్‌స్టాండ్ లాంటి రద్దీ చోట ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి, అక్షరాలు విడదీయకుండా. "టైప్ చేసి స్క్రీన్‌షాట్ పంపరా" అనండి. ముగ్గురితో చేయించి ముగ్గురూ సరిగ్గా కొడితే పేరు నిలబడినట్టు. ఇద్దరు తప్పు కొడితే, మీకెంత ముద్దొచ్చినా వదిలేయాల్సిందే.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. చుక్కకి ముందు భాగం 63 అక్షరాల దాకా ఉండొచ్చని నిబంధన, అమ్ముడుపోవాలంటే మాత్రం 15 దాటనివ్వకండి. అంకెలూ, హైఫన్లూ వద్దు. రెండు మాటలు కలిసేచోట ఒకే అక్షరం రెండుసార్లు వస్తే, అంటే ప్రాన్స్ పక్కన సీడ్ పెడితే రెండు ఎస్‌లు ఆనుకుంటే, జనం ఒకటి మింగేస్తారు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేర్లు తీసుకోవచ్చు. భాష మీద ప్రేమతో ఒకటి ఉంచుకుంటే మంచిదే, అమ్మకం ఆశతో మాత్రం కొనకండి. వాటికి కొనేవాళ్ళు చాలా తక్కువ, లోపల ఆ పేరు ప్యూనీకోడ్ అనే ఇంగ్లీషు అక్షరాల వరసగా మారుతుంది, మెయిల్ వ్యవస్థలన్నీ దాన్ని ఇంకా సరిగ్గా తీసుకోవు.

ముట్టుకోకూడనివి

ఎవరి బ్రాండ్ పేరూ, దాని తప్పు స్పెల్లింగూ, దానికి ఊరు తగిలించిన రూపమూ కొనకండి. ఇది నీతికి సంబంధించిన మాట, నష్టానికి సంబంధించిన మాట కూడా. 2023లో ఢిల్లీకి చెందిన ఒక యాప్ డెవలపర్ జియో, హాట్‌స్టార్ అనే రెండు పేర్లూ కలిపిన డాట్ కామ్ రిజిస్టర్ చేశారు. ఆ రెండు సేవల యజమానుల విలీనం ఖాయమయ్యాక 2024 అక్టోబరులో, తన విదేశీ చదువు ఖర్చు భరిస్తే పేరు ఇచ్చేస్తానని ఆ పేజీలోనే రాశారు. దేశమంతా వార్త అయింది గానీ కంపెనీ ఆ డబ్బు ఇవ్వలేదు.

ఎందుకివ్వదంటే, ఇవ్వాల్సిన అవసరం లేదు. 1999 నుంచి యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం ఉంది, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ. డాట్ కామ్ వివాదంలో ట్రేడ్‌మార్క్ యజమాని మూడు విషయాలు చూపాలి: పేరు తమ మార్కులా ఉంది, మీకు దానిమీద న్యాయమైన హక్కు లేదు, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నారు. ఆ మార్కు యజమానికే లాభానికి అమ్మాలని ప్రధానంగా పేరు తీసుకోవడం దురుద్దేశానికి రుజువని నిబంధనలోనే రాసి ఉంది. అంటే "మీ పేరు నా దగ్గరుంది, కొంటారా" అని మీరు పంపిన మెయిలే వాళ్ళ చేతిలో సాక్ష్యం. ఈ వివాదాలు విచారించే అంతర్జాతీయ సంస్థ వైపోలో ఒక్క సభ్యుడి ప్యానెల్‌కి, 5 పేర్ల దాకా, ఫీజు 1,500 డాలర్లు. పెద్ద కంపెనీకి అదొక లెక్క కాదు. ఓడితే మీకు పైసా రాదు. డొమైన్ పేర్లకీ ట్రేడ్‌మార్క్ సూత్రాలు వర్తిస్తాయని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో మన సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

కొనేముందు కేంద్ర ప్రభుత్వ ఐపీ ఇండియా సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ తెరిచి, ఆ మాట వర్డ్‌మార్క్‌గా, అంటే మాటగానే నమోదైన మార్కుగా, ఉందేమో చూడండి. సరుకుల్నీ సేవల్నీ బట్టి క్లాసులు 45 ఉన్నాయి. మీ సరుకుకి సంబంధించిన క్లాసులోనే వెతికి ఆగిపోకండి. శబ్దం ఒకేలా ఉన్నవి చూపే ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి, తెలుగు మాటలకి అదే ఎక్కువ పనికొస్తుంది. మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త భౌగోళిక గుర్తింపు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, ఉప్పాడ జామ్దానీ చీరలకి 2009లో జీఐ వచ్చింది. ఊరూ సరుకూ కలిపిన ఆ పేర్లు తయారీదార్లందరి ఉమ్మడి సొత్తు. వాటిని పట్టుకుని బేరం పెట్టకండి.

కొనే దార్లు

ఎవరూ తీసుకోని పేరుని నేరుగా రిజిస్టర్ చేయడం మొదటిది. అందులో మెలకువ ఏమీ లేదు. వెతకడం మాత్రం రిజిస్ట్రార్ సైటులోనే చేసి, తీసుకోవాలనుకుంటే అప్పుడే తీసుకోండి. ధర పక్కన "ప్రీమియం" అని ఉంటే రెన్యువల్ కూడా ప్రీమియమేనా అని చూడండి, కొన్ని ఎక్స్‌టెన్షన్లలో అలాగే ఉంటుంది.

రెండోది, గడువు తీరిన పేర్లు. ఇక్కడ దశలు తెలియకపోతే డబ్బు వృథా. డాట్ కామ్ గడువు తీరగానే ఊడిపోదు. రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా పాత యజమాని మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే వీలుండొచ్చు, వీటినే గ్రేస్ రోజులంటారు. ఈలోపే చాలా రిజిస్ట్రార్లు పేరుని వేలానికి పెడతాయి. ఎవరూ పాడకపోతే పేరు 30 రోజుల రిడెంప్షన్ దశలోకి పోతుంది. యజమాని అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే వేలల్లో అదనపు రుసుము. ఆ తర్వాత 5 రోజుల పెండింగ్ డిలీట్, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆరోరోజు పేరు బయటికి పడుతుంది. డాట్ కామ్ పేర్లు అమెరికా తూర్పుతీరం మధ్యాహ్నం 2 గంటల నుంచి వదులుతారు. మనకది రాత్రి 11.30, చలికాలంలో 12.30. మేలుకుని చేత్తో పట్టుకుందామని కూర్చోకండి. మంచి పేరుని డ్రాప్‌క్యాచ్, స్నాప్‌నేమ్స్ లాంటి సేవలు సెకను తిరక్కుండా పట్టేస్తాయి. వాటిలో బ్యాక్‌ఆర్డర్, అంటే పేరు బయటపడగానే నాకు పట్టిపెట్టమన్న ముందస్తు ఆర్డరు, పెట్టండి. చాలాచోట్ల పేరు దొరికితేనే డబ్బు.

వేలంలో కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటే. చివరి నిమిషంలో ఇంకో 5 డాలర్లు, ఇంకో 5 డాలర్లు అంటూ పోతారు. పాట మొదలవకముందే ఒక అంకె నోట్‌బుక్కులో రాసుకోండి. నేమ్‌బయోలో ఇలాంటి పేర్లకి పలికిన వేలం ధరల్లో మధ్యస్థమైనది తీసుకుని, అందులో మూడింట రెండొంతులు మీ హద్దు. అది దాటితే కిటికీ మూసేయండి. గడువు తీరిన పేరు పాడుకున్నాక కూడా పాత యజమాని గ్రేస్ రోజుల్లో రెన్యువల్ చేసుకుంటే వేలం రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. అంతదాకా దాన్ని అమ్మకానికి పెట్టకండి.

పాత పేరు కొనేముందు దాని చరిత్ర తవ్వాలి. పాత వెబ్ పేజీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఏడాదికి రెండు మూడు పేజీలు తెరిచి చూడండి. మధ్యలో జూదమో, అశ్లీలమో, నకిలీ మందులో కనపడితే వదిలేయండి. గూగుల్‌లో సైట్ (site:) అనే ఆదేశం పక్కన ఆ పేరు పెట్టి వెతికితే పాత స్పామ్ పేజీలు ఇంకా తేలుతుంటాయి. మెయిల్ బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో కూడా చూడండి. ఎగుమతి వ్యాపారి ఆ పేరుతో మెయిల్ పంపితే స్పామ్‌లో పడుతుందంటే ఇక అమ్మిందానికి విలువేముంది?

కొన్న రోజే

రిజిస్ట్రార్ పంపే ధ్రువీకరణ మెయిల్‌లోని లింకు వెంటనే నొక్కండి. 15 రోజుల్లో నొక్కకపోతే డాట్ కామ్ పేరు పనిచేయడం ఆగిపోతుంది, కొనేవాడు వచ్చి చూస్తే ఖాళీ పేజీ. పేరు, చిరునామా, ఫోను సరైనవే ఇవ్వండి. డాట్ ఇన్‌కి గుర్తింపు పత్రాలు అడుగుతారు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే వాడండి. రెండంచెల భద్రత పెట్టి, బదిలీ తాళం వేసి ఉంచండి.

ఆటో రెన్యువల్ విషయంలో మన కార్డులకి ప్రత్యేకమైన చిక్కుంది. 2021 అక్టోబరు నుంచి ఆటోమేటిక్ కార్డు చెల్లింపుల మీద రిజర్వు బ్యాంకు ఈ–మ్యాండేట్ నిబంధనలు అమల్లోకి వచ్చాక, విదేశీ రిజిస్ట్రార్ దగ్గర ఆటో రెన్యువల్ ఆన్‌లోనే ఉన్నా భారతీయ కార్డు మీద డబ్బు తెగకపోవచ్చు. ఆన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే పేరు గాల్లో కలిసిపోతుంది. రెన్యువల్ తేదీకి 40 రోజుల ముందు ఫోనులో గుర్తు పెట్టుకుని చేత్తో కట్టండి, లేదా రిజిస్ట్రార్ ఖాతాలో ముందే కొంత సొమ్ము వేసి ఉంచండి. కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ముందుగా ఆన్ చేయించాలి, విదేశీ మారకం రుసుము కూడా లెక్కలో వేసుకోవాలి.

అమ్మకానికి పెట్టడం

చాలా అమ్మకాలు ఇలా జరుగుతాయి: కావాల్సినవాడు పేరుని బ్రౌజర్‌లో కొడతాడు, "ఈ పేరు అమ్మకానికి ఉంది" అన్న పేజీ కనపడుతుంది. ఆ పేజీ లేకపోతే మీరు లేనట్టే. పేరు కొడితే ఏ పేజీ తెరుచుకోవాలో చెప్పే నేమ్‌సర్వర్లు ఆఫ్టర్నిక్‌కో, సెడోకో, ఆటమ్‌కో తిప్పండి, మామూలుగా గంటల్లో పేజీ వస్తుంది. యజమాని మీరేనని రుజువుకి నేమ్‌సర్వర్ మార్చడమో, డొమైన్ సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న రాత పెట్టడమో అడుగుతారు. కమీషన్ చోటునీ పద్ధతినీ బట్టి మారుతుంది, చాలాచోట్ల 15 నుంచి 25 శాతం దాకా. నేమ్‌సర్వర్లు వాళ్ళవే పెడితే తగ్గించే చోట్లున్నాయి, ముందే చదువుకోండి. రెండు మూడు చోట్ల పెట్టినా ధర ఒకటే ఉండాలి. ఒకచోట 900 డాలర్లు, ఇంకోచోట 1,400 పెడితే కొనేవాడు రెండూ చూస్తాడు.

మొదట్లో ధర పెట్టే అమ్మండి. "ధరకి సంప్రదించండి" అంటే చిన్న వ్యాపారి జంకి వెళ్ళిపోతాడు. ఇంగ్లీషు రెండు మాటల డాట్ కామ్‌కి నేమ్‌బయోలో పలికిన వాడుకదారుల ధరల మధ్యలో పెట్టండి. స్థానిక పేర్లకి కొలత వేరు. ఆ వ్యాపారి ఫ్లెక్సీలకీ, పత్రికా ప్రకటనలకీ ఏడాదికి పెట్టే ఖర్చు ఎంతో ఆలోచించండి. రూ. 20,000 నుంచి 60,000 మధ్య అడిగితే వింటాడు, మూడు లక్షలంటే ఫోను పెట్టేస్తాడు.

మనమే వెళ్ళి అడగడం

సరుకు పేరు ఉన్న డొమైన్లకే ఈ పద్ధతి, వాళ్ళ సొంత బ్రాండుకి ఎప్పుడూ కాదు. రాసిన పదిమంది జాబితాలో రోజుకి ఇద్దరు ముగ్గురికి, ఒక్కొక్కరికి విడిగా రాయండి. ఒకే మెయిల్ అందరికీ కొడితే మీ మెయిల్ ఐడీ స్పామ్‌లో పడుతుంది. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మీ సైటులో మామిడి అంట్లు, అలంకరణ మొక్కల జాబితా చూశాను. మొక్కలు అనే మాట, గోదావరి అనే మాట కలిసిన డాట్ కామ్ పేరు నా దగ్గర ఉందండి. ఇప్పుడు మీరు వాడుతున్న పేరుకన్నా పొట్టిది, ఫోన్లో చెప్పడానికి తేలిక. ధర రూ. 45,000. మార్కెట్‌ప్లేస్ ద్వారా చేద్దాం, పేరు మీ చేతికి వచ్చాకే నాకు డబ్బు అందుతుంది. అక్కర్లేకపోతే మళ్ళీ ఇబ్బంది పెట్టనండి."

ఇందులో బెదిరింపు లేదు, "వేరేవాళ్ళు అడుగుతున్నారు" అన్న అబద్ధం లేదు. జవాబు రాకపోతే పది రోజులకి ఒక్కసారి గుర్తుచేసి ఆపేయండి. వేళ కూడా చూడండి. సంక్రాంతి ముందు వారం మిఠాయి తయారీదారుకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. చెరువు పట్టుబడి జరుగుతున్న రాత్రి ఆక్వా వ్యాపారికి ఫోన్ చేస్తే ఆ పేరు జీవితంలో కొనడు.

బేరం, బదిలీ, డబ్బు

"ఎంతకిస్తారు" అని మెయిల్ వస్తే అదేరోజు జవాబివ్వండి. మనసులో రెండు అంకెలుండాలి, అడిగేది ఒకటి, దిగకూడనిది ఇంకొకటి. అవతలివాళ్ళు ఒకేసారి కట్టలేమంటే వాయిదాల పద్ధతి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లో చేయండి. అన్ని వాయిదాలూ తీరేదాకా పేరు మార్కెట్‌ప్లేస్ దగ్గర భద్రంగా ఉంటుంది.

నేరుగా చేసుకుంటే ఎస్క్రో, అంటే సొమ్ముని మధ్యలో పట్టి ఉంచే సేవ, వాడండి. కొనేవాడు సొమ్ము ఎస్క్రోలో వేస్తాడు, అది పడిందని ఎస్క్రో చెప్పాకే మీరు పేరు బదిలీ చేస్తారు, అందిందని అతను ఒప్పుకున్నాక సొమ్ము మీకు. "సొమ్ము పడింది" అన్న మెయిల్‌లోని లింకు నొక్కకండి, మీరే ఎస్క్రో సైటు తెరిచి చూసుకోండి. నకిలీ ఎస్క్రో సైట్లే ఈ వ్యాపారంలో పెద్ద మోసం. తెలిసినవాళ్ళే కదా అని ప్లాటు బయానాలా సగం ఇప్పుడు, సగం తర్వాత ఒప్పుకోకండి. పేరు వెళ్ళాక రెండో సగానికి మీ దగ్గర పట్టు ఏమీ ఉండదు.

ఇద్దరి ఖాతాలూ ఒకే రిజిస్ట్రార్‌లో ఉంటే పుష్ అనే పద్ధతిలో నిమిషాల్లో అయిపోతుంది. వేర్వేరైతే తాళం తీసి, ఆథ్ కోడ్ అనే బదిలీ సంకేతం తీసుకుని కొనేవాడికి ఇవ్వాలి. పాత రిజిస్ట్రార్ 5 రోజుల దాకా ఆపొచ్చు. రిజిస్టర్ చేసిన 60 రోజుల లోపు, లేదా ఒకసారి బదిలీ అయిన 60 రోజుల లోపు డాట్ కామ్ ఇంకో రిజిస్ట్రార్‌కి కదలకపోవచ్చు. ఈ సంగతి బేరం కుదిరేముందే చెప్పండి. తర్వాత చెబితే మోసం అనుకుంటారు.

ఇంకో మోసం గుర్తుపెట్టుకోండి. ఎవరో పెద్ద ధర ఒప్పుకుని, "ముందు ఫలానా సైటులో విలువ ధ్రువపత్రం తీసుకోండి, ఖర్చు నేను తర్వాత ఇస్తాను" అంటారు. ఆ సైటు వాళ్ళదే. నిజంగా కొనేవాడు మీచేత డబ్బు కట్టించడు.

రెన్యువల్ రోజున

ప్రతి పేరు పక్కన నాలుగు గడులు నింపండి: ఏడాదిలో ఎంతమంది ఆ పేజీ చూశారు, ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, మీరు రాసిన వాళ్ళలో ఎంతమంది జవాబిచ్చారు, ఈరోజు ఇది ఖాళీగా కనపడితే మళ్ళీ కొంటారా. మొదటి మూడూ సున్నా అయి, నాలుగోదానికి తడుముకుంటే వదిలేయండి. గడువుకి నెల ముందు వేలంలో తక్కువకి పెట్టి చూడండి, రెండు మూడు వందలొచ్చినా నయమే. పది పేర్లలో నాలుగు మొదటి ఏడాదే పోవడం మామూలు. మిగిలిన ఆరింటి మక్తా కట్టి, మిగిలిన డబ్బుతో ఒక్క మంచి పేరు కొనండి.

లెక్కలు మొదటిరోజు నుంచే రాయండి. కొన్న బిల్లు, రెన్యువల్ బిల్లులు, కమీషన్, అమ్మిన ఇన్‌వాయిస్ పేరువారీగా ఒక ఫోల్డర్లో. క్రమంగా కొని అమ్ముతుంటే వచ్చింది వ్యాపార ఆదాయం కింద లెక్కకొస్తుంది, ఈ ఖర్చులకి కాగితాలుండాలి. అమెరికా మార్కెట్‌ప్లేస్‌లు సొమ్ము పంపేముందు అక్కడి పన్నులకి సంబంధించిన డబ్ల్యూ–8బెన్ ఫారం అడుగుతాయి, పాన్ కార్డు దగ్గర పెట్టుకుని నింపండి. విదేశం నుంచి సొమ్ము పడ్డప్పుడు బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రం అడిగి తీసుకోండి. ఏడాది అమ్మకాలు 20 లక్షలకి దగ్గరపడుతుంటే జీఎస్టీ గురించి ఆడిటర్‌ని ముందే కలవండి. అమ్మిన పేరుని మిగతా మార్కెట్‌ప్లేస్‌ల జాబితాల్లోంచి ఆరోజే తీసేయండి. చేతిలో లేని పేరు ఇంకోచోట అమ్ముడైతే ఆ ఖాతానే మూసేస్తారు.